సూదికి జడిసి రెండు నెలలు

"రొమ్ములో ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. స్కానింగు తీసి నీటితిత్తి అన్నారు. నొప్పిగా ఉందంటే, సూదితో నీరు తీస్తామన్నారు. సూది గుచ్చితే కాన్సరుగా మారుతుందని మా తోటికోడలు అంటోంది. రెండు నెలలుగా ఊరుకున్నాను. మావారికి చెప్పలేదు" అని ఒక సోదరి వ్రాశారు.

ముందు తోటికోడలిగారికి జవాబు. సూది గుచ్చినంత మాత్రాన నీటితిత్తి కాన్సరుగా మారదు. ఈ మాట ఎవరు పుట్టించారో గాని, దీన్ని నమ్మి ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు ఉన్నారు. నాకు కోపం వచ్చేది అందుకే.

35, 50 ఏళ్ల మధ్య స్త్రీలకు ఇలాంటి తిత్తులు రావడం మామూలే. బహిష్టుకు ముందు ఉబ్బి నొప్పిపెట్టి, తరువాత తగ్గుతూంటాయి. లోపల ఉత్తనీరేనని స్కానింగులో తేలి, బాధ లేకపోతే దాని జోలికి పోనక్కరలేదు. బాధ ఉన్నా, అనుమానం ఉన్నా సూది వాడతారు.

అల్ట్రాసౌండంటే చెవికి వినబడని శబ్దం. అమెరికాలో జాన్ వైల్డ్, జాన్ రీడ్ అనే ఇద్దరు దీనితో శరీరంలోని గడ్డలను పరీక్షించి, ఆ వివరాలు 1952లో ప్రకటించారు. నీటిలోంచి శబ్దం సాఫీగా పోతుంది గనుక తిత్తి తెరమీద నల్లగా, అంచు తీర్చినట్టు కనిపిస్తుంది.

ఆ రోజు మామూలుగా పస్తుండనక్కరలేదు. ముందు హుక్కులున్న రవిక వేసుకువెళితే సుఖం. ఆస్పిరిన్ వంటి, రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు మానెయ్యకండి. వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యి తలపైకి పెట్టమంటారు. చల్లని జెల్లీ రాస్తారు. ఉలిక్కిపడేది ఎక్కువగా అప్పుడే! చర్మం మందుతో తుడిచి, ఒక్కోసారి మత్తుమందు ఇచ్చి, తెరమీద చూస్తూ, రక్తపరీక్షకు వాడేలాంటి సన్నని సూది గుచ్చుతారు. చురుక్కుమంటుంది, కాస్త ఒత్తినట్టుంటుంది. నీరు వస్తూంటే తెరమీది నల్లమచ్చ ముడుచుకుపోతుంది. సూది పని కొద్ది నిమిషాలే.

ఆ నీరు పసుపుపచ్చగా, ఆకుపచ్చగా, గోధుమరంగులో ఉండవచ్చు. చూసి జడుసుకోకండి. సాధారణంగా పారబోస్తారు. నెత్తురు కలిసి వస్తే పరీక్షకు పంపుతారు. నీరు తీసినా గడ్డ మిగిలితే చిన్న ముక్క తీసి చూడవలసి రావచ్చు. అది అనుమానం తీర్చుకోవడానికే గాని, కాన్సరని తేల్చినట్టు కాదు.

చిన్న ప్లాస్టరు వేసి ఇంటికి పంపేస్తారు. సాయంత్రం వంట మీరే చెయ్యగలరు. (చెయ్యగలరన్నాను, చెయ్యాలని కాదు. ఆ పూట ఇంకెవరైనా చేస్తే మరీ మంచిది.) కమిలి నీలంగా కనిపిస్తే కొద్దిరోజుల్లో పోతుంది. ఎర్రబడి వాచినా, నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. తిత్తి మళ్లీ నిండవచ్చు కూడా. అది డాక్టరు చేతగానితనం కాదు.

సోదరీ, మీవారికి ఈ రాత్రే చెప్పండి. ఈ వారంలోనే వెళ్లండి, పాత స్కానింగు కాగితాలు మరిచిపోకండి. తోటికోడలిగారిని కూడా వెంటబెట్టుకు వెళ్లండి.