పిల్లి కొఱకు దుఃఖింపరాదట!

పెంచుకొన్న పిల్లి చచ్చి, రెండుపూటలు అన్నము సహింపక కూర్చున్నవారిని జూచి లోకము సాధారణముగా పలుకు పలుకు ఇది: "పోయినది కుక్కయైన నేడ్చుట కర్థమున్నది, అది విశ్వాసము గల జంతువు, పిల్లికి ఇల్లు కావలెను గాని ఇంటివారితో పనియేమి? ఇంకొకదానిని తెచ్చికొనుడు." ఓదార్పువలె వినబడు నీ మాట నిజమునకొక తీర్పు. చచ్చిన జంతువునకు కృతఘ్నతను, బ్రదికియున్న మనుష్యునకు అవివేకమును ఒక్క యూపిరిలో అంటగట్టు నీ తీర్పు, విచారణ జరుగకయే వెలువడినదగుటచేత, నాకు సమ్మతము గాదు.

పిల్లికీ యపకీర్తి యెట్లు వచ్చెనో చూతము. హితోపదేశమున దీర్ఘకర్ణమను పిల్లి ధర్మపన్నములు వల్లించి జరద్గవమను ముసలిగ్రద్దను నమ్మించి, అది కావలియున్న చెట్టుమీది పక్షికూనలను భక్షించి, యెముకలను దాని తొఱ్ఱలో విడిచి పాఱిపోయినది. మహాబలిపురపు మహాశిలాఫలకముమీద, ఒంటికాలిపై నిలిచి తపస్సు చేయు పురుషుడున్న యా బండమీదనే, ముందుకాళ్లు పైకెత్తి కపటతపస్సు నటించు పిల్లిని, దాని చెంతనే యెలుకలను పల్లవశిల్పి చెక్కియుంచెను. కన్నులు మూసికొని పాలు త్రాగు పిల్లి సంగతి మన యిండ్లలో బిడ్డలకు సైతము తెలియును. అయితే వీనిలో నొకటియు నిజమునకు పిల్లినిగూర్చి చెప్పినది కాదు. దొంగసన్న్యాసులను దూషింపదలచినవారు పిల్లితోలు నెరవు తెచ్చికొనిరి. ఆ యెరవును మనము పిల్లి ఖాతాలోనే బాకీగా వ్రాసికొంటిమి. బిడ్డలను కాపాడు షష్ఠీదేవికి పిల్లియే వాహనమని వంగదేశపు తల్లులు కొలుచుచుండగా, ఆ సాక్ష్యము నెవరును అడుగరు.

"ఇల్లే గాని యింటివారు కారు" అను వాదమునకు పరీక్ష లేకపోలేదు. అమెరికాలోని ఒరెగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున క్రిస్టిన్ విటేల్ అను నామెయు సహచరులును 2019లో ప్రకటించిన పరిశోధనమున, పిల్లికూనను పెంచినవారితో గూడ క్రొత్తగదిలో రెండు నిమిషములుంచి, పిమ్మట రెండు నిమిషములు ఒంటరిగా విడిచి, మరల వారిని లోనికి బంపిరి. ఫలితము తేల్చగలిగిన కూనలలో నూటికి సుమారు 64 వారు రాగానే కుదుటపడి, వారిని చేరి, తిరిగి నిబ్బరముగా గదిని పరికించుటకు పోయినవి. మనుష్యశిశువులలో కనబడు నిష్పత్తియు దాదాపింతే. గది వానిది కాదు, గోడలు వానివి కావు, మఱి కుదుటపఱచినదేది? జపానులో అట్సుకో సైతో అను నామె 2013లో చూపినది మఱింత సొగసైనది. పెంచినవారి గొంతును పరుల గొంతులనుండి పిల్లులు గుర్తుపట్టి చెవులు త్రిప్పును, తల త్రిప్పును, కాని తఱచుగా లేచిరావు. పిలిచిన రానిదానికి మమత లేదనువారి పొరపాటంతయు ఇక్కడనే యున్నది. వారు వెదకినది విధేయతను, లేదని కొట్టివేసినది స్నేహమును. గొలుసు లేనిదియు, పిలుపునకు లొంగనిదియునగు ప్రాణి ప్రతిరాత్రి తనంతట వచ్చి కాళ్లయొద్ద పండుకొనుచున్నచో, అది దినదినము క్రొత్తగా తన్ను వరించినదని ఆ మనుష్యునకు తెలియును. పోయినది ఆ వరణమైనప్పుడు, దుఃఖము కుక్క పోయినప్పటికంటె చిన్నదిగా నుండవలెనని శాసించుట కెవరికేమి యధికారము?

జపాను నవలాకారుడు నట్సుమే సోసెకి సంగతి ఇచ్చట తలపదగినది. ఆయన యింటికి తనంతట వచ్చి చేరిన యొక పిల్లియే 1905లో వెలువడ నారంభించిన "నేను పిల్లిని" అను నవలకు మూలము. దానివలన ఆయనకు పేరు వచ్చెను గాని ఆ పిల్లికి చివఱివఱకు పేరే పెట్టలేదు. 1908 సెప్టెంబరులో అది చచ్చినపుడు ఆయన మరణవార్త తెలుపుచు శిష్యులకు కార్డులు వ్రాసెను. తరువాతి వ్యాసమొకదానిలో ఆయన దాచక చెప్పినదేమనగా, అది జబ్బుపడి కృశించుచుండగా ఇంటిలో దానిని పట్టించుకొన్నవారు లేరు; భార్యయు ఉదాసీనురాలే. చచ్చిన పిమ్మట ఆమెయే బండివానిచేత సమాధిఫలకము తెప్పించినది. మరణదినము వచ్చినపుడెల్ల సాల్మన్‌చేప ముక్కయు, ఎండుచేప తురుము చల్లిన గిన్నెడన్నమును సమాధియొద్ద పెట్టుచుండెను. రానురాను తోటవఱకు పోక ఇంటిలో బట్టలపెట్టెపైననే పెట్టెడిదట. ఇదియు నాకు నిజమైన శోకలక్షణముగనే తోచుచున్నది. మన తద్దినములును అట్లే కుదించుకొనిపోవును గదా! ఆ యిల్లాలు పిల్లి విశ్వాసమును తూచి చేపముక్కను కోయలేదు.

హెరొడోటసు వ్రాసినదానినిబట్టి, ప్రాచీన ఐగుప్తులో ఇంటిపిల్లి సహజమరణము నొందినచో ఇంటివారందఱు కనుబొమలు గొఱిగించుకొనెడివారు. కుక్కకైనచో తలయు, ఒడలంతయు. అచ్చటను కుక్కకే పెద్దపీట, ఒప్పుకొందును. కాని పిల్లికిని ఒక విధి యుండెను; ఆ బోడికనుబొమలను చూచిన పొరుగువాడు కారణమడుగ నక్కఱలేదు. మనకు మనుష్యుడు పోయిన మైల యున్నది, పరామర్శ యున్నది, పదియవనాడున్నది. పిల్లి పోయినవాడు మఱునాడే ఆఫీసునకు పోయి, కన్నులెఱ్ఱబాఱుటకు జలుబని చెప్పవలసియున్నది. సంఘము గుర్తింపని యిట్టి శోకమునుగూర్చి కెన్నెత్ డోకా అను అమెరికా పండితుడు 1989లో ఒక గ్రంథమే కూర్చెను. మనుష్యులు ఆకలికి చచ్చుచుండగా పిల్లికేడ్పా యనువారును గలరు; జాలి యొకచోట ఖర్చయిన మఱియొకచోట తక్కువపడునని వారికెవరు చెప్పిరో!

ఇక "ఇంకొకదానిని తెచ్చికొనుడు" అను సలహా. ఇంటిలో రెండవ పిల్లి యున్నచో దానికే ఆ లోటు తెలియునేమో యనిపించును: మిచిగనులోని ఓక్లండు విశ్వవిద్యాలయమువారు 2024లో ప్రకటించిన పరిశోధనమున, తోడుజంతువు పోయిన పిల్లులు తిండి, నిద్ర, ఆట తగ్గించి మనుష్యుల చెంతకు ఎక్కువగా చేరుచున్నవని పెంచినవారు చెప్పిరి. చెప్పినవారు తామే శోకమున నున్నవారు గనుక, తమ దుఃఖమునే పిల్లిలో చూచిరేమో యను శంకను పరిశోధకులే వెలిబుచ్చిరి. నేనును దానిని త్రోసివేయను. క్రొత్తపిల్లిని తెచ్చికొనువారు తెచ్చికొందురు, మాననున్నవారు మానుదురు. ఎప్పుడు, ఏల, తెచ్చుటయా మానుటయా యనునది పరామర్శకు వచ్చి కాఫీ త్రాగి పోవువాడు తేల్చవలసిన వ్యవహారము గాదు.