పట్టాల పక్కన పోయే తీగ మన వీధికి రావాలంటే



ఈ నెల నాకు అందిన ప్రశ్నల్లో రెండు ఒకేలా ఉన్నాయి. ఒకటి కోవిల్‌పట్టిలో కోన్ వైండింగ్ పని చేసే అక్క అడిగింది. ఇంకొకటి విరుదునగర్‌లో కాలేజీ చదివే తమ్ముడిది. "స్టేషన్‌లో వైఫై ఊరికే ఇస్తారు కదా, పక్కనే ఉన్న మా వీధికి ఎందుకు రాదు?" అని ఇద్దరూ అడిగారు. జవాబు చెప్పాలంటే ముందు ఆ వైఫై ఎక్కడ్నించి వస్తుందో తెలియాలి.

రైలుకు పట్టాలు ఎంత అవసరమో, స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య మాట కూడా అంతే అవసరం. మధురై నుంచి తూత్తుకుడికి మన ఊళ్ళ మీదుగా 1876లో రైలు వచ్చింది. ఆ కాలంలో రైలు లైను వేస్తే పక్కనే తంతి స్తంభాలు కూడా నిలబెట్టేవాళ్ళు. సాత్తూరు నుంచి బండి బయలుదేరిన సంగతి నల్లి స్టేషన్‌కు తెలియకపోతే ఒకే పట్టా మీద రెండు బళ్ళు ఎదురెదురుగా వచ్చేస్తాయి. అందుకే రైల్వేకు మొదట్నుంచీ తంతి తీగ అవసరమైంది, టెలిఫోన్ ఆ తర్వాత వచ్చింది. తర్వాత కరెంటు ఇంజన్లు వచ్చాయి. తల మీద 25,000 వోల్టుల తీగ పోతుంటే పక్కనున్న రాగి తీగల్లో గోల పుడుతుంది, మాట సరిగా వినపడదు. గాజు నారలో వెలుగు రూపంలో పోయే మాటకు ఆ బాధ లేదు. అట్లా పట్టాల పక్కన నేలలోకి ఆప్టికల్ ఫైబర్ దిగింది.

ఈ ఫైబర్‌లో ఒక విశేషం ఉంది. రైల్వే మాటలకు, సిగ్నల్‌కు కావలసింది అందులో కొంచెమే, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీని అమ్ముకోవచ్చని అమెరికాలో సదరన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ 1970లలోనే కనిపెట్టింది. తన సొంత టెలిఫోన్ లైన్లను బయటివాళ్ళకు అమ్మింది. అందులోంచే స్ప్రింట్ అనే పెద్ద టెలిఫోన్ కంపెనీ పుట్టింది. మన దేశంలో ఆ పనికి 2000 సెప్టెంబరులో రైల్‌టెల్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. ఊరూరా రోడ్డు తవ్వడానికి అనుమతి అడగాల్సిన పని దానికి లేదు, ఎందుకంటే పట్టాల పక్కన నేల రైల్వేదే. ఇప్పుడు దాని ఫైబర్ 60,000 కిలోమీటర్లకు పైనే ఉంది.

స్టేషన్ వైఫై దాని మీదే నడుస్తుంది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్ కంపెనీతో కలిసి మొదలుపెట్టారు. 2018 జూన్‌కు అది 400 స్టేషన్లయింది. మొబైల్ డేటా చవకైపోయిందని 2020లో గూగుల్ తప్పుకుంటానని చెప్పింది. రైల్‌టెల్ మాత్రం ఆపలేదు. దేశంలో 6,000కు పైగా స్టేషన్లలో వైఫై పెట్టింది, వాటిలో చాలా భాగం పల్లెటూరి స్టేషన్లే.

వాడడం కష్టం కాదు. ఫోన్‌లో వైఫై తెరిచి రైల్‌వైర్ అనే పేరు నొక్కి, వచ్చిన పేజీలో మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. రోజుకు మొదటి అరగంట ఉచితం. ఆ తర్వాత కావాలంటే డబ్బు కట్టాలి. 2021లో ఆ ప్లాన్లు తెచ్చినప్పుడు రోజుకు 10 రూపాయలకు 5 జీబీ ఇచ్చారు. పాఠాలు, పాత పరీక్ష పేపర్లు, హాల్ టికెట్టు దింపుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. బ్యాంకు పని, పీఎఫ్ పాస్‌వర్డు మాత్రం అక్కడ వద్దు. పది మంది వాడే వైఫైలో డబ్బు వ్యవహారం పెట్టుకోకూడదు. ఆ పనికి మీ సిమ్ డేటానే వాడండి.

అరగంటతో ఏమవుతుందని కొట్టిపారేయొద్దు. కేరళలో ఎర్ణాకుళం స్టేషన్‌లో మూటలు మోసే ఒక కూలీ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, స్టేషన్ వైఫైలో పాఠాలు వింటూ, ఆ రాష్ట్ర సర్వీస్ కమిషన్ రాతపరీక్ష పాసయ్యాడని 2018లో అన్ని పేపర్లూ రాశాయి. మన పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన కు. అళగిరిసామి 'కుమారపురం స్టేషన్' అని తమిళంలో ఒక కథ రాశారు. కోవిల్‌పట్టి పక్కన ఆ చిన్న స్టేషన్‌ను చూసినవాళ్ళకు ఇక్కడ బండి ఎందుకు ఆగుతుందా అనిపిస్తుంది. పల్లె పిల్లలకు అదే చదువుకు పోయే వాకిలి. ఈ కాలంలో ఆ వాకిలికి ఇంకో పేరు ఇంటర్నెట్.

అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. ప్లాట్‌ఫారం వైఫై ఇంటి ఇంటర్నెట్ కాదు. నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చిన తల్లి పిల్లను వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయి కూర్చోలేదు. వయసొచ్చిన ఆడపిల్లను చీకటి పడ్డాక ప్లాట్‌ఫారం మీద చదువుకో అని ఎవరూ పంపరు. ఇక పెద్దవాళ్ళ సంగతి. మా వీధిలో పెద్దమ్మ ఒకామె రింగ్ ఫ్రేమ్‌లో చేసి దిగిపోయింది, పీఎఫ్ పింఛను మీద బతుకుతుంది. ఏడాదికొకసారి తాను బతికే ఉన్నట్టు రుజువు ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది. ఆ రుజువు ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వొచ్చు. ఏ నెలలో ఇచ్చినా 12 నెలలు చెల్లుతుంది. ఇంట్లో నెట్ నిలకడగా లేక ఆమె బస్సెక్కి బ్రౌజింగ్ సెంటర్‌కు పోయి, వరసలో నిలబడి, డబ్బిచ్చి వస్తుంది. "నేను బతికున్నానని చెప్పడానికి కూడా టికెట్టు కొనాలా నాయనా?" అని అడిగింది. ఆమె ఇంటి వెనక నుంచే రైలు పోతుంది.

ఢిల్లీ నుంచి కోవిల్‌పట్టి దాకా వచ్చిన తీగకు, స్టేషన్ నుంచి ఆమె వీధి దాకా ఉన్న కొంచెం దూరమే పెద్దదైపోయింది. ఆ దూరాన్ని రైల్వే తానుగా దాటదు. రైల్‌టెల్ ఇళ్ళకు ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్ పేరు కూడా రైల్‌వైరే. స్టేషన్ దాకా తీగ రైల్‌టెల్‌ది, అక్కడ్నించి వీధికి తెచ్చేది ఊళ్ళో కేబుల్ టీవీ నడిపేవాళ్ళలాంటి భాగస్వాములు. ఒక వీధిలో ఒక్క ఇల్లే అడిగితే తీగ లాగిన ఖర్చు వాళ్ళకు రాదు. ఇరవై ఇళ్ళు కలిసి అడిగితే వస్తుంది. మన లైన్ ఇళ్ళల్లో ఇరవై ఇళ్ళకు ఏం కొదవ?

అడిగేటప్పుడు ఈ నాలుగు అడగండి. నెల ధరలో జీఎస్టీ కలిసిందా? రౌటర్‌కు, తీగకు విడిగా ఎంత? ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గుతుంది? తీగ తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. రసీదు మీ పేరు మీదే ఉండాలి. రైల్‌వైర్ అని పట్టు పట్టకండి, ఇంకొకరు మంచి ధరకు ఇస్తే వాళ్ళ దగ్గరే తీసుకోండి.

ఇంటింటికీ కట్టలేమంటే ఇంకో దారి ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి అనే పథకం ఒప్పుకుంది. దాని ప్రకారం టీ కొట్టు, కిరాణా కొట్టు ఎవరైనా ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తీసుకుని, ఆ పథకంలో ఉన్న ఒక కంపెనీతో కలిసి, చుట్టుపక్కలవాళ్ళకు చిన్న మొత్తాలకు వైఫై అమ్ముకోవచ్చు. కొట్టు ఆయనకు లైసెన్సు అక్కర్లేదు. 2022లో రైల్‌టెల్ కూడా 100 స్టేషన్ల వైఫైని ఈ పద్ధతిలోకి తెచ్చింది. లైన్ ఇళ్ళ మూల మీద టీ కొట్టులో ఇది పెడితే, పిల్లలు వాకిట్లోనే కూర్చుని చదువుకుంటారు, తల్లికి కంటి ముందే ఉంటారు.

మన సంఘం సమావేశాల్లో కోవెల కొడ గురించి, కల్యాణ మండపం అద్దె గురించి గంటలకొద్దీ మాట్లాడతాం. ఈసారి ఒక పది నిమిషాలు దీనికి ఇవ్వండి. ఒక కాగితం తీసుకుని వీధి పేరు, ఎన్ని ఇళ్ళు, చదివే పిల్లలు ఎంతమంది, పింఛను తీసుకునే పెద్దలు ఎంతమంది అని రాయండి. ఆ కాగితం చేతిలో పట్టుకుని కేబుల్ ఆయన దగ్గరకు నలుగురు కలిసి పోండి. ఆడవాళ్ళు ఇద్దరైనా ఉండాలి, ఎందుకంటే ఏ ఇంట్లో ఏ పిల్లకు ఏ పరీక్ష ఉందో వాళ్ళకే తెలుసు.

ఏ వీధిలో పని జరిగిందో, ఎంత ధరకు కుదిరిందో నాకు రాసి పంపండి. తక్కువ ధరకు ఒప్పించినవాళ్ళ కబురు వచ్చే నెల ఇక్కడే వేస్తా. మిగతా వీధులవాళ్ళకు బేరం ఆడడానికి అదే పనికొస్తుంది.