ఆతని జాబులు, ఆమె గొంతు

యుద్ధచిత్రమనగానే మన సోదరీమణులలో పలువురు పెదవి విఱుతురు. ఫిరంగుల మ్రోఁతయు నెత్తురును దప్ప అందేమున్నదని వారి తలంపు. ఈ మాసము మేము ముచ్చటింపఁబోవు చిత్రము యుద్ధమును గూర్చినదే యైనను, దాని కథ యంతయు నొక యిల్లాలికి వచ్చిన జాబులలో నున్నది. పేరు “కార్తాస్ ద గెర్రా”, అనఁగా యుద్ధపు జాబులు. పోర్చుగీసు భాషలో ఈవో ఫెరైరా యనునాతఁడు తీసెను. 2016లో బెర్లిను చలనచిత్రోత్సవపు పోటీలో ప్రదర్శింపఁబడినది. రంగులు లేవు, అంతయు నలుపు తెలుపే.

ఆఫ్రికాలోని అంగోలా అప్పట్లో పోర్చుగీసువారి యేలుబడిలో నుండెను. 1961లో నచటివారు స్వాతంత్ర్యమునకై ఆయుధములు పట్టిరి. ఆ యేటి డిసెంబరులోనే మన గోవా, డామను, డయ్యూలు వారి చేతినుండి జాఱి భారతదేశమునఁ గలిసినవి. అయినను లిస్బనులోని సాలజారు ప్రభుత్వమునకు బుద్ధి రాలేదు. అంగోలా, గినీ, మొజాంబికులలో పోరు 1974 వఱకు సాగినది. 8 లక్షల వఱకు పోర్చుగీసు యువకులను ఆ రంగములకుఁ బంపిరని చెప్పుదురు. ఒక్కొక్కనికి ఇంచుమించు రెండేండ్ల ప్రవాసము.

వారిలో నొకఁడు ఆంటోనియో లోబో ఆంతునెష్. పిదప గొప్ప నవలాకారుఁడుగాఁ బేరొందెను గాని అప్పటికి 28 ఏండ్ల వైద్యుఁడు మాత్రమే. 1971 జనవరిలో ఓడ యెక్కునాఁటికి భార్య గర్భవతి. కూఁతురు పుట్టినప్పు డాతఁడు అంగోలా తూర్పుదిక్కున నొక శిబిరములో గాయపడినవారికిఁ గట్లు కట్టుచుండెను. తీరిక చిక్కినప్పుడెల్ల భార్యకు జాబు వ్రాసెను. సైనికులు వ్రాయు నా జాబులకుఁ గవరు లేదు. పలుచని కాగితమును మడిచి అంటించుటయే. ఆ కాగితములను సమకూర్చినది 1961లో నేర్పడిన యొక మహిళా సంఘము. యుద్ధమును సమర్థించిన చేతులే ఆ కాగితములను బంచుట విచిత్రముగా లేదా?

చిత్రములో జాబులను జదువునది చాలవఱకు భార్య గొంతు. మార్గరీద వీలా-నోవా ఆ పాత్ర ధరించినది. భర్త మిగెల్ నూనెష్. చెవికి వినవచ్చునది విరహము, ముద్దుమాటలు, పుట్టఁబోవు బిడ్డను గూర్చిన కలలు. కంటికిఁ గనవచ్చునది దుమ్ము, లారీలు, కాపలా, గాయపడిన సైనికుఁడు. మాటయు దృశ్యమును ఒకదాని నొకటి యనుసరింపవు. ఇంటికి వ్రాయునపుడు మనవారు దాఁచిపెట్టు సంగతు లెట్టివో ఈ యేర్పాటువలననే తెలియుచున్నది. మొదట నిది మాకు విసుగు పుట్టించినమాట నిజము. కొంత సేపటికి ఆ గొంతుకై ఎదురుచూచుట యలవాటయ్యెను.

లోపములు లేకపోలేదు. ఎవరి నేలపై నీ పోరు సాగెనో ఆ అంగోలావారు తెరపై నీడలవలెఁ గదలుదురేకాని, వారి గోడు వినఁబడుట యరుదు. అంతకంటె మాకుఁ దోఁచిన వెలితి మఱియొకటి. జాబులన్నియు నామె గొంతుతో విందుము గాని, ఆమె మాట యొక్కటియు వినము. మేఘసందేశములో యక్షుని మాటలే కాని అలకాపురి యిల్లాలి బదులు మన కెఱుకపడలేదు. ఇచటను అంతియే. మన ఆఁడువారు ఊర్మిళాదేవి నిద్రను బాటగాఁ గట్టుకొనిరి, కనుకనే ఆమె పదునాలుగేండ్లు మన కెఱుక.

భార్యకు వ్రాసిన ప్రేమలేఖలను వీథిని బెట్టుట తగునా యని కొందఱడుగుదురు. వినుఁడు. యుద్ధము ముగిసిన తరువాత ఆ దంపతులు విడిపోయిరి. అయినను ఆమె జాబులను జింపలేదు, కాల్పలేదు. తన మరణానంతరము వానిని జదువవచ్చును, అచ్చు వేయవచ్చునని కూఁతులకుఁ జెప్పినది. 1999లో నామె గతించినది. కూఁతు లిద్దఱు 2005లో నా జాబులను గ్రంథముగాఁ బ్రకటించిరి. ఈ చిత్రమునకు మూలమదియే. జాబు లామె సొత్తు, నిర్ణయ మామెది. ఇఁక తగదనుట కితరు లెవ్వరు? ఆమె వ్రాసిన ప్రత్యుత్తరములు మాత్రము ఆ గ్రంథములో లేవు.