కువైట్ ఎల్లేవోళ్ళకి వీసా ఒక్కటే చాలదండి

ఫోన్ తెరిస్తే చాలు, ఫారిన్ వెళ్తే అక్కడి జనంతో ఎలా కలిసిపోవాలో చెప్పే వీడియోలే. వాళ్ళ తిండి తినండి, నాలుగు మాటలు నేర్చుకోండి అంటారు. బానే ఉంది. మరి మన డెల్టా ఊళ్ళ నుంచి పొట్టకూటికి విమానం ఎక్కేవోళ్ళ సంగతేంటి?

మా పిన్ని ఏడేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసింది. ఆర్నెల్లకే అరబ్బీ వచ్చేసింది. ఆ ఇంటి ముసలావిడ కాళ్ళు నొక్కుతా నేర్చుకుందంట. "ఆవిడ మంచిదేరా. కానీ పక్కింట్లో ఎవరుంటారో రెండేళ్ళదాకా తెలీదు నాకు" అంటాది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో, వారం సెలవు మాటే లేదు. బాబాయిది ఇంకో కథ. క్యాంపు గదిలో అందరూ మనోళ్ళే. ఒక్క కువైటీ ఇంట్లో కూడా టీ తాగలేదు. ఆయనకొచ్చిన అరబ్బీ అంతా ఫోర్‌మన్ తిట్లే.

ఒకరు అచ్చంగా అక్కడోళ్ళ మధ్య, ఇంకొకరు అచ్చంగా మనోళ్ళ మధ్య బతికేరు. ఇద్దరికీ కరువైంది మాత్రం ఒకటే: గడప దాటి, కష్టం వస్తే చెప్పుకోడానికి ఇంకో మనిషి.

చట్టం లేక కాదు. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపని వాళ్ళకి వారానికో రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించని పని ఇవ్వాలంటోంది. పాస్‌పోర్టు లాక్కోకూడదనీ చెప్తోంది. నాలుగు గోడల మధ్య ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పేదెవరు? 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్ కాలిపోతే చనిపోయినవాళ్ళలో 40 మందికి పైగా మన దేశపోళ్ళే. ఇద్దరు మన పెరవలి మండలం వాళ్ళు. వాళ్ళు ఆ ఊళ్ళో ఎలా ఉంటన్నారో లోకం చూసింది అప్పుడే.

ఇది కొత్త కథేం కాదండి. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి మన ముత్తాతలు బర్మా ఓడెక్కేరు. అక్కడ తెలుగోడికి 'కోరంగీ' అనే పేరు పడింది. మేస్త్రీలు జట్లుగా తీసుకెళ్ళేరు, ఇరుకు బసల్లో కుక్కేరు. 1930 మేలో రంగూన్ రేవులో మనోళ్ళు సమ్మె కడితే, వాళ్ళ చోట బర్మావాళ్ళని పెట్టేరు. సమ్మె అయ్యాక మనోళ్ళని మళ్ళీ తీసుకుని, బర్మావాళ్ళని పొమ్మన్నారు. దాంతో చెలరేగిన గొడవల్లో వంద మందికి పైగా పోయేరు. ఇద్దరూ కూలోళ్ళే. పక్కపక్కనే ఉన్నా ఒకళ్ళ గోడు ఒకళ్ళకి తెలీదు. లాభం యజమానులకి, చావు కూలోళ్ళకి.

అందుకే నేననేది, అక్కడి జనంతో కలవడం మనకి సరదా కాదు, రక్ష. సర్కారు వెళ్ళేముందు ఇచ్చే శిక్షణ ఒక్క రోజుది. ఏజెంటు మాట విని విజిట్ వీసా మీద పోయేవోళ్ళకి అదీ లేదు. ప్రతి మండలంలో గల్ఫ్ చేసొచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి జీతమిచ్చి, నెల్రోజులు అరబ్బీ, అక్కడి చట్టం నేర్పించమంటే ఎంతవుద్ది?

తమ్ముడూ, చెల్లీ, మీ ఇంట్లో ఎవరన్నా బయల్దేరుతుంటే జీతమెంత అని అడిగేక ఇంకో మాట అడగండి: "వారం సెలవుందా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటాది?" మా పిన్నిని ఆ మాట అడిగినోళ్ళు మా ఇంట్లో ఒక్కళ్ళు లేరు. నేనూ అడగలేదు.