ఎట్లాగూ క్యాన్సరే కదా!

సిరిసిల్లలో మరమగ్గం మీద నేసిన బట్టకు మీటర్ల లెక్కుంటది. కోరుట్లలో చుట్టిన బీడీలకు వెయ్యికింత అని లెక్కుంటది. జగిత్యాలలో గల్ఫ్‌కు పోయినోడు ఎప్పుడొస్తడో ఇంట్లోవాళ్ల వేళ్ల మీద లెక్కుంటది. అదే మనుషులు ఫిల్ముల కవరు చంకన పెట్టుకుని, హైదరాబాద్ బస్సెక్కి, ఫాలో-అప్ సీటీ తీయించుకుని వస్తే, ఒంట్లోకి ఎంత రేడియేషన్ పోయిందో మాత్రం వాళ్లకు తెలియదు.

మెషిన్‌కు తెలుసు. స్కాన్ అయ్యాక డీఎల్‌పీ అని ఒక అంకె చూపిస్తది. మన చేతికొచ్చే రిపోర్టులోకి అది చాలాసార్లు దిగదు. అడిగితే వినిపించే మాట: "ఎట్లాగూ క్యాన్సరే కదా, ఇంకేం భయం?"

నా కోపమంతా ఈ మాట మీదే. మనిషి బతుకుతాడన్న నమ్మకంతోనే కదా ఫాలో-అప్ చేసేది! ముప్పై ఏళ్లకు లింఫోమా నయమైనోడి ముందు ఇంకో నలభై ఏళ్లున్నయి. రేడియేషన్ ఏమన్నా చెరుపు చేస్తే ఆ ఏళ్లలోనే బయటపడేది.

ఛాతీ ఎక్స్‌రే డోసు సుమారు 0.1 మిల్లీసీవర్ట్. కడుపు, కటి సీటీ ఒక్కసారికి దాదాపు 8. కాంట్రాస్ట్ లేకుండా ఒకసారి, ఇచ్చి ఇంకోసారి తీస్తే 15. స్కాన్ గదిలో పనిచేసే టెక్నీషియన్‌కు బ్యాడ్జ్ ఉంటది, ఐదేళ్ల సగటున ఏడాదికి 20 దాటొద్దని పరిమితి ఉంటది. రోగికి పరిమితి పెట్టలేదు. అది సబబే, ఎవరికెంత అవసరమో ముందే గీత గీయలేం. కానీ పరిమితి లేదంటే లెక్క లేదని కాదు.

స్కాన్ మానేయమని అనడం లేదు. తిరగబెట్టిన గడ్డను చూడకపోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం. తగ్గించే దారులున్నయి, వాడమనే అడుగుతున్న. బ్రిటన్‌లో మొదటి దశ సెమినోమా ఉన్న 669 మంది మీద చేసిన ట్రిస్ట్ పరిశోధన 2022లో వెలువడింది. ఏడు స్కాన్లకు బదులు మూడే తీసినా, సీటీకి బదులు ఎంఆర్ఐ చేసినా, జబ్బు ముదిరి తిరగబెట్టడం చెప్పుకోదగ్గంత పెరగలేదు. అన్ని క్యాన్సర్లకూ ఇదే లెక్క సరిపోదు. అయితే ప్రశ్న మాత్రం అన్నిటికీ సరిపోతుంది.

ఒక్క ఫేజ్ చాలినచోట మూడెందుకు? సన్నటి మనిషికి లావుపాటి మనిషి సెట్టింగెందుకు? పాత సీడీ తెరుచుకోలేదని మళ్లీ మొత్తం తీయడమెందుకు?

ఈసారి మీవాళ్ల వెంట పోయినప్పుడు డాక్టర్‌ను అడగండి: "సార్, ఎన్ని ఫేజులు? డీఎల్‌పీ రిపోర్టులో రాసిస్తారా?" మీటరుకూ వెయ్యికీ లెక్క అడిగి తీసుకునే ఊళ్లు మనవి. దీనికి మొహమాటమెందుకు?