జూదం ఒంటరిగా రాదు

ఉక్కుకు పేరుపొందిన భిలాయి 2023లో వేరొక కారణంగా దేశమంతటా వార్తలకెక్కింది. మహాదేవ్ అనే పందేల యాప్‌పై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ జరిపిన దర్యాప్తులో ప్రధాన నిందితులుగా పేర్కొన్న ఇద్దరూ ఆ ఊరివారే. చేతులు మారిన కోట్లను గురించి పత్రికలు విస్తారంగా వ్రాశాయి. పందెం కాసి పోగొట్టుకున్నవాని మనఃస్థితి అంతగా చర్చకు రాలేదు.

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఆ ఊరిలో, ఉద్యోగాలకై వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. నెలజీతం వచ్చే ఇంటిలో అప్పు పుట్టడం కష్టం కాదు. బయటపడడానికే కాలం పడుతుంది. బయటపడిన నాడు పెద్దలు బాకీ తీర్చి, ఒట్టు వేయించుకొని, పీడ విరగడైందని తలుస్తారు. అది తీరిన బాకీ మాత్రమే. జబ్బు అలాగే ఉంటుంది.

అమెరికాలో 43 వేల మందికి పైగా ప్రశ్నించి 2005లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, జూద వ్యసనపరులలో దాదాపు సగం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు వంటి రుగ్మతలకు లోనయినవారే. 41 శాతం మందిని ఆందోళన రుగ్మతలు, 73 శాతం మందిని మద్యపాన సమస్య బాధించాయి. వ్యసనం వల్లనే దిగులు పుట్టిందని ఎవరికైనా తోస్తుంది. కాని 2008లో వెలువడిన మరొక అమెరికన్ అధ్యయనంలో, నలుగురిలో సుమారు ముగ్గురికి ఇతర మానసిక రుగ్మతే ముందు వచ్చినట్లు తేలింది. కుంగిన మనసుకు పందెం కాసిన ఆ కొన్ని నిమిషాలే ఊరట. ఓటమితో దిగులు రెట్టింపవుతుంది. దానిని మరచేందుకు మళ్లీ పందెం. సర్వం ఓడి, అడవిలో నిద్రిస్తున్న దమయంతిని విడిచిపోయిన నలుణ్ణి కలి ఆవహించాడన్నారు పూర్వులు. అమెరికన్ మనోవైద్యుల సంఘం దీనిని 1980లో రోగాల పట్టికలో చేర్చి, 2013లో మద్యపాన వ్యసనం సరసన నిలిపింది.

ఉపేక్షిస్తే ప్రాణాపాయం. జూద రుగ్మత ఉన్నవారిలో ఆత్మహత్యా మరణాలు సాధారణ జనంలో కంటె సుమారు 15 రెట్లు అధికమని 2018 నాటి స్వీడన్ అధ్యయనం తెలిపింది. కనుక నిద్రపట్టకపోవడం, అకారణ కోపం, బ్రతుకు వృథా అన్న మాట ఇంటివారి కంటబడితే, బాకీల లెక్కకంటె ముందు వైద్యుని చూడాలి. ఆలోచనల తీరును సరిదిద్దే సంభాషణ చికిత్స, అవసరమైతే మందులు కలిపి రెండు రుగ్మతలకూ ఒకేసారి వైద్యం జరగాలి. కొంతకాలం డబ్బు వ్యవహారం ఇంటిలో మరొకరు చూడడం మంచిది.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నిషేధం దిగులును తీర్చదు. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తుంది. ఫోను చేసేది జూదరే కానక్కరలేదు. భార్య చేయవచ్చు, తండ్రి చేయవచ్చు.