పోలీస్ రైఫిల్‌కి థర్మల్ క్లిప్-ఆన్: కిలోమీటర్ల రేంజ్ చూసి కొనకండి

ఫోన్ కెమెరాల విషయంలో మనకి ఇప్పుడు బాగానే జ్ఞానం వచ్చేసింది. బాక్స్ మీద 200 మెగాపిక్సెల్ అని రాసినంత మాత్రాన ఫొటో బాగా రాదని ఇంటర్ చదివే కుర్రాడు కూడా చెప్తాడు. సెన్సర్ సైజ్ ఎంత, లెన్స్ ఏంటి, సాఫ్ట్‌వేర్ ఎలా ఉంది అని అడుగుతాడు. థర్మల్ ఆప్టిక్స్ మార్కెట్‌లో మాత్రం ఇంకా ఆ పాత మెగాపిక్సెల్ ఆటే నడుస్తోంది. అక్కడ బాక్స్ మీద ఉండేది "డిటెక్షన్ రేంజ్ 1,000 మీటర్లు" అనే అంకె. ఫోన్ తేడా వస్తే ఫొటో పాడవుతుంది. రైఫిల్ మీద పెట్టిన వస్తువు తేడా వస్తే ఒక మనిషి పోతాడు.

ఇది మనం కార్ట్‌లో వేసుకునే గ్యాడ్జెట్ కాదు. కానీ కొనేది మన పన్ను డబ్బుతో, వాడేది మన ఊళ్ల చుట్టూ. మాది కోదాడ వైపు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి చోట డ్యూటీ చేసే పోలీసులకి థర్మల్ క్లిప్-ఆన్ కొనాలంటే ఏం చూడాలో ఒక ఇంజనీర్‌గా నా అభిప్రాయం చెప్తాను.

ఎందుకు అవసరం?

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండ్‌లో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డ్ చనిపోయారు. తర్వాత గాలింపు సాగింది. ఏప్రిల్ 4న జానకిపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ హతమయ్యారు, మరో కానిస్టేబుల్ ప్రాణాలు కోల్పోయాడు. తీవ్రంగా గాయపడిన ఎస్సై సిద్ధయ్య ఆ తర్వాత ఆస్పత్రిలో చనిపోయారు. కాబట్టి "మన జిల్లా పోలీసులకి ఇలాంటి పరికరాలు ఎందుకు" అనే ప్రశ్న నేను వేయను. ఏది ముందు కొనాలి, దేన్ని చూసి కొనాలి అనేదే నా ప్రశ్న.

క్లిప్-ఆన్ ఎలా పనిచేస్తుంది?

రైఫిల్ మీద పగలు వాడే స్కోప్ ఉంటుంది కదా, దాని ముందు రైల్‌కి బిగించేదే క్లిప్-ఆన్. ముందు జర్మేనియం లెన్స్, లోపల 8 నుంచి 14 మైక్రాన్ల వేడి కిరణాలని పట్టే మైక్రోబొలోమీటర్ సెన్సర్, వెనక చిన్న డిస్‌ప్లే. మన స్కోప్ ఆ డిస్‌ప్లేని చూస్తుంది. లాభం ఏంటంటే పగటి స్కోప్‌కి చేసిన జీరో అలాగే ఉంటుంది. తెల్లారగానే తీసి బ్యాగ్‌లో వేసుకోవచ్చు.

ఇక్కడే మొదటి చిక్కు. ఐరన్ సైట్స్ మాత్రమే ఉన్న రైఫిల్‌కి క్లిప్-ఆన్ పనికిరాదు. మామూలు ఇన్సాస్‌కి, పాత ఏకేలకి పికటినీ రైల్ ఉండదు. అంటే స్కోప్, రైల్, క్లిప్-ఆన్ మూడూ కొనాలి. పైగా రైఫిల్ ముందు భాగంలో దాదాపు అర కిలో బరువు పెరుగుతుంది.

ఆ 1,000 మీటర్ల లెక్క

12 మైక్రాన్ల పిక్సెల్, 35 మి.మీ. లెన్స్ ఉన్న యూనిట్ తీసుకుందాం. ఈ క్లాస్‌లో ఇది కామన్. లెక్క వేస్తే 100 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ 3.4 సెంటీమీటర్లు కవర్ చేస్తుంది. 1,000 మీటర్ల దగ్గర 34 సెంటీమీటర్లు. అంటే నిలబడ్డ మనిషి ఎత్తు 5 పిక్సెళ్లు, వెడల్పు ఒకటో ఒకటిన్నరో.

1958లో అమెరికన్ ఆర్మీ ల్యాబ్‌లో జాన్ జాన్సన్ అనే ఆయన దీనికి ఒక కొలత పెట్టాడు. సుమారుగా చెప్పాలంటే "ఏదో ఉంది" అనడానికి 2 పిక్సెళ్లు, "మనిషే" అనడానికి 8, "ఎలాంటి మనిషి" అనడానికి 13 కావాలి. మనిషి సైజ్‌ని 0.75 మీటర్లుగా తీసుకునే మామూలు లెక్కలో మన యూనిట్‌కి ఆ దూరాలు సుమారు 1,090, 270, 170 మీటర్లు వస్తాయి. అది కూడా 50 శాతం ఛాన్స్‌తో. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో వేసేది మొదటి అంకె. ట్రిగ్గర్ మీద వేలు ఉన్నవాడికి కావాల్సింది చివరి అంకె.

సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ పొలాల్లో రాత్రిపూట నీళ్లు కట్టడానికి రైతులు వెళ్తారు. వడ్ల రాశుల దగ్గర కాపలా పడుకుంటారు. భుజం మీద పార ఉన్న రైతు, రైఫిల్ ఉన్న మనిషి 300 మీటర్ల దగ్గర థర్మల్‌లో ఒకేలాంటి తెల్ల బొమ్మలు. పార కర్ర అయినా, తుపాకీ గొట్టం అయినా గాలి వేడితో సమానంగా చల్లబడి ఉంటే అసలు కనపడకపోవచ్చు కూడా.

ఇంకో ట్రిక్ కూడా చెప్పాలి. 384 సెన్సర్ కంటే 640 సెన్సర్ క్లియర్‌గా ఉంటుందని అమ్ముతారు. పిక్సెల్ సైజ్, లెన్స్ రెండూ ఒకటే అయితే టార్గెట్ మీద పడే పిక్సెళ్లు సమానమే. పెరిగేది చూపు వెడల్పు. మన ఉదాహరణలో 100 మీటర్ల దగ్గర 13 మీటర్లు కనిపించేది 22 మీటర్లు అవుతుంది. అదీ పనికొచ్చేదే, కానీ దాన్ని క్లారిటీ అనకూడదు.

మన ఎండ, మన అద్దాలు

ఎన్‌ఈటీడీ అంటే సెన్సర్ పట్టగలిగే అతి చిన్న ఉష్ణోగ్రత తేడా. 25 మిల్లీకెల్విన్ అంటే చాలా మంచిది. కానీ ఆ అంకె ల్యాబ్‌లో, చల్లటి గదిలో కొలిచింది. మే నెలలో మా వైపు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పగలంతా కాలిన గుండ్రాళ్లు, తారు రోడ్డు రాత్రి చాలాసేపు వేడిగానే ఉంటాయి. మనిషి చర్మం 33, 34 డిగ్రీలు. బండరాయి కూడా అంతే వేడిగా ఉంటే దాని ముందు నిలబడ్డ మనిషి బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాడు. అందుకే డెమో డిసెంబర్‌లో చూసి సంతకం పెట్టకూడదు. మే నెల రాత్రి 9 గంటలకి మన గుట్టల దగ్గర చూడాలి.

రెండోది అద్దం. మామూలు గాజు గుండా ఈ వేడి కిరణాలు రావు. కారు అద్దం మీద థర్మల్ పెడితే అద్దం వేడి కనిపిస్తుంది, లోపలి మనిషి కనపడడు. హైదరాబాద్-విజయవాడ హైవే మీద సూర్యాపేట, కోదాడ దగ్గర రాత్రి తనిఖీల్లో సగం పని బస్సులు, కార్లతోనే కదా. 2015 నాటి బస్టాండ్ ఘటనలో థర్మల్ ఉన్నా బస్సు లోపల ఎవరున్నారో చెప్పేది కాదు.

స్పెక్ షీట్‌లో లేని టెస్ట్

క్లిప్-ఆన్‌కి అసలు పరీక్ష జీరో. లోపల సెన్సర్‌కీ డిస్‌ప్లేకీ మధ్య అలైన్‌మెంట్ కొంచెం తప్పినా బుల్లెట్ వేరే చోట పడుతుంది. 1 ఎంఓఏ తేడా అంటే 100 మీటర్ల దగ్గర దాదాపు 2.9 సెంటీమీటర్లు. టెస్ట్ సింపుల్: క్లిప్-ఆన్ లేకుండా ఐదు రౌండ్లు, పెట్టి ఐదు, తీసి మళ్లీ పెట్టి ఐదు. మూడు గ్రూపుల సెంటర్లు ఎంత జరిగాయో కొలవాలి. యూనిట్ బాగా వేడెక్కాక ఇంకోసారి. ఈ టెస్ట్‌కి ఒప్పుకోని కంపెనీని ఇంటికి పంపేయొచ్చు.

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి కూడా రెండు మాటలు. సెన్సర్ తనని తాను క్యాలిబ్రేట్ చేసుకునేటప్పుడు ఇమేజ్ ఒక క్షణం ఫ్రీజ్ అవుతుంది. అది ఎప్పుడు జరగాలో వాడేవాడి చేతిలో ఉండాలి. వైఫై, యాప్ స్ట్రీమింగ్ లాంటివి పోలీస్ యూనిట్‌లో పూర్తిగా ఆఫ్ చేసే వీలుండాలి. ఈ రంగంలో చవకగా దొరికేవాటిలో చాలా చైనా బ్రాండ్లే. మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ముందు రిజిస్టర్ చేసుకోవాలని కేంద్రం 2020 జులైలోనే రూల్ పెట్టింది. బెంగళూరు టోన్‌బో ఇమేజింగ్, కాన్పూర్ ఎంకేయూ లాంటి మన కంపెనీలు ఇక్కడే థర్మల్ సైట్లు చేస్తున్నాయి. వాటినీ ఇదే టెస్ట్‌లో కూర్చోబెట్టాలి.

నా ఓటు దేనికంటే

ముందు చేతిలో పట్టుకునే థర్మల్ మోనోక్యులర్‌కి. క్లిప్-ఆన్ తర్వాత.

కారణం చాలా సింపుల్. థర్మల్ రైఫిల్ మీద మాత్రమే ఉంటే చూడటం అంటేనే గురిపెట్టడం. చెట్టు కింద కదిలింది మేకా, మనిషా అని తెలుసుకోవాలంటే లోడ్ చేసిన తుపాకీని అటు తిప్పాలి. రాత్రంతా గాలింపులో ఎంతమంది రైతులు, లారీ క్లీనర్లు, రైస్ మిల్లు కూలీలు ఆ గొట్టం ముందుకి వస్తారో ఆలోచించండి. వాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

"ఎదుటివాడి దగ్గర ఆయుధం ఉంటే రైఫిల్ ఉన్నవాడికి కదా కనపడాలి" అంటారు. నిజమే, నేను కాదనను. జానకిపురం లాంటి చోటికి వెళ్లే ప్రత్యేక టీమ్‌కి క్లిప్-ఆన్ ఉండాల్సిందే, దానికి తగ్గ ట్రైనింగ్‌తో. కానీ మామూలు స్టేషన్ పెట్రోలింగ్‌లో ఇద్దరు వెళ్తే ఒకరు మోనోక్యులర్‌తో వెతకాలి, ఇంకొకరు రైఫిల్ కిందకి దించి కవర్ ఇవ్వాలి. థర్మల్ "అక్కడ ఎవరో ఉన్నారు" అని చెప్తుంది. ఎవరన్నది టార్చ్‌లైట్ వేసి, గట్టిగా పిలిచి తేల్చుకోవాల్సిందే.

టెండర్ రాసేవాళ్లు డిటెక్షన్ రేంజ్ లైన్ కొట్టేసి, దాని బదులు మూడు లైన్లు రాస్తే చాలు: గుర్తుపట్టే దూరం ఎంత, తీసి పెడితే జీరో ఎంత జరుగుతుంది, మే నెలలో మన గుట్టల దగ్గర ఏం కనిపిస్తుంది. ఈ మూడింటికి సమాధానం చెప్పలేని యూనిట్ ఎంత చవకైనా వద్దు.